హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) - భయాన్ని జయించిన పాలకుడు

ఇస్లామీయ చరిత్రలో నలుగురు సన్మార్గ ఖలీఫాల తర్వాత అంతటి గౌరవంతో తలచుకునే పాలకుడు హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై). చాలామంది పండితులు ఆయన్ని ఐదవ సన్మార్గ ఖలీఫాగా పరిగణించారు. ప్రభుత్వ పని ఉన్నంతసేపు ప్రభుత్వ దీపం, సొంత మాటలు మొదలవగానే సొంత దీపం వెలిగించుకున్న వృత్తాంతం మన మదరసాల్లో చిన్న పిల్లలకు కూడా తెలుసు. మన ప్రసంగాలు తరచూ ఆ దీపం దగ్గరే ఆగిపోతాయి. ఒకప్పుడు పైఅధికారి ఆజ్ఞకు లోబడి ఒక మనిషి ప్రాణం పోవడానికి కారణమైన గవర్నరు, తర్వాత తన వంశం మొత్తం ఎదురుతిరిగినా చలించని ఖలీఫాగా ఎలా మారాడు? ఈ సంగతి మనం చాలా తక్కువగా చెప్పుకుంటాం. ఆయన జీవితాన్ని ఈ వైపు నుంచి చూద్దాం.

ఆయన హిజ్రీ 61-63 సంవత్సరాల మధ్య (క్రీ.శ. 680-682 ప్రాంతంలో) జన్మించారు. తండ్రి అబ్దుల్ అజీజ్ బిన్ మర్వాన్ ఇరవై ఏళ్ళపాటు ఈజిప్టు గవర్నరు. పెదనాన్న అబ్దుల్ మలిక్ బిన్ మర్వాన్ ఖలీఫా. తల్లి ఉమ్మె ఆసిం రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) గారి మనుమరాలు. పాలలో నీళ్ళు కలపమని తల్లి చెబితే, ఖలీఫా చూడకపోయినా అల్లాహ్ చూస్తున్నాడని ఒప్పుకోని అమ్మాయి కథ పాఠకులకు తెలిసిందే. ఆ రాత్రి గస్తీ తిరుగుతూ ఆ మాట విన్న హజ్రత్ ఉమర్ (రజి) ఆ అమ్మాయిని తన కుమారుడు ఆసింకు ఇచ్చి పెళ్ళి చేశారని, ఆమె మనుమడే ఈ ఉమర్ అని చరిత్రకారులు చెబుతారు. అంటే ఒకవైపు రాజ్యాధికారం, మరోవైపు దైవభీతి. ఈ రెండు వారసత్వాల్లో ఏది పైచేయి అవుతుందో తేలడానికి ఆయన జీవితంలో చాలా ఏళ్ళు పట్టింది.

తండ్రి ఆయన్ని చదువు కోసం మదీనాకు పంపారు. గురువు సాలెహ్ బిన్ కైసాన్. ఒకరోజు జమాఅత్ నమాజుకు ఆలస్యంగా వచ్చిన శిష్యుణ్ణి గురువు కారణం అడిగారు. జుట్టు దువ్వించుకోవడంలో ఆలస్యమైందని తేలింది. నమాజు కన్నా జుట్టు ముఖ్యమైందా అని గురువు ఈజిప్టులో ఉన్న తండ్రికి జాబు రాశారు. తండ్రి మనిషిని పంపించి కొడుకు తల గొరిగించారు. మరో గురువు ఉబైదుల్లాహ్ బిన్ అబ్దుల్లాహ్ మదీనాలోని ఏడుగురు ప్రఖ్యాత ధర్మవేత్తల్లో ఒకరు. ఆ రోజుల్లో బనూ ఉమయ్య ఇళ్ళల్లో హజ్రత్ అలీ (రజి) గారిని తూలనాడటం మామూలు విషయం. శిష్యుడి నోట కూడా అలాంటి మాట వచ్చిందని తెలిసి గురువు ఆయనతో మాట్లాడటం మానేశారు. బద్ర్ వీరుల పట్ల అల్లాహ్ ప్రసన్నుడైన తర్వాత మళ్ళీ ఆగ్రహించాడని నీకెవరు చెప్పారని నిలదీశారు. యువకుడు సిగ్గుపడి క్షమాపణ కోరారు. ఈ సంఘటన ఆయన మనసులో ఉండిపోయింది.

హిజ్రీ 85లో తండ్రి మరణించాక పెదనాన్న ఆయన్ని డమాస్కస్‌కు పిలిపించి తన కుమార్తె ఫాతిమాను ఇచ్చి వివాహం చేశారు. ఫాతిమా తండ్రి ఖలీఫా. తర్వాతి కాలంలో ఆమె భర్త, నలుగురు సోదరులు కూడా ఖలీఫాలయ్యారు.

మదీనా గవర్నరు

హిజ్రీ 87 (క్రీ.శ. 706)లో ఖలీఫా వలీద్ ఆయన్ని మదీనా గవర్నరుగా నియమించాడు. అప్పటికి ఆయన వయస్సు పాతికేళ్ళు. ముప్పై ఒంటెల మీద సామాను వేసుకుని ఊళ్ళోకి వచ్చారట. ఖరీదైన వస్త్రాలు, దూరం నుంచే తెలిసే అత్తరు, ఒక ప్రత్యేకమైన నడక. ఆ నడకను మదీనా అమ్మాయిలు అనుకరించేవారని గ్రంథాల్లో ఉంది. అయినా రాగానే ఊళ్ళోని పదిమంది ధర్మవేత్తలను పిలిచి, వారి సలహా లేకుండా ఏ నిర్ణయమూ తీసుకోనని, తన అధికారుల్లో ఎవరు అన్యాయం చేసినా తనకు చెప్పాలని కోరారు. వారిలో ఉర్వా బిన్ జుబైర్, ఖాసిం బిన్ ముహమ్మద్, సాలిం బిన్ అబ్దుల్లాహ్ వంటి మహామహులున్నారు. మస్జిదె నబవీ విస్తరణ కూడా ఆయన ఆధ్వర్యంలోనే జరిగింది. ఇరాక్‌లో హజ్జాజ్ బిన్ యూసుఫ్ దౌర్జన్యానికి తాళలేక పారిపోయి వచ్చినవారికి ఆయన పాలనలో మదీనాలో నీడ దొరికేది.

ఇంత మంచి గవర్నరు జీవితంలోనే ఆ చీకటి రోజు వచ్చింది.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) కుమారుడు ఖుబైబ్ మదీనాలో ఉండేవారు. భక్తిపరుడు, జ్ఞాని. రాజవంశానికి గిట్టని మాటలు చెబుతున్నారని ఆయన మీద ఖలీఫా వలీద్‌కు ఫిర్యాదు వెళ్ళింది. ఆయన్ని కొరడాలతో కొట్టి, తలమీద చల్లటి నీళ్ళు పోయించమని డమాస్కస్ నుంచి ఆజ్ఞ వచ్చింది. అది చలికాలం. గవర్నరు ఆ ఆజ్ఞను అమలు చేశారు. ఖుబైబ్‌ను కొట్టించారు, తలపై చన్నీళ్ళు పోయించి, మస్జిద్ ద్వారం దగ్గర నిలబెట్టారు. ఆ దెబ్బలకు, ఆ చలికి ఆయన ప్రాణం విడిచారు.

కొందరు రచయితలు ఈ సంఘటనను ఒక్క వాక్యంలో దాటేస్తారు, కొందరు అసలే రాయరు. మహనీయుల జీవితాల్లో ఇలాంటివి చెబితే వారి గౌరవం తగ్గుతుందని వారి ఉద్దేశ్యం కావచ్చు. ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ మాత్రం దీన్ని దాచుకోలేదు. మరణవార్త వినగానే ఆయన నేలమీద కూలబడిపోయారు. ఆజ్ఞ ఇచ్చింది వలీద్, నేను కేవలం అమలు చేశానని తనకు తాను సర్ది చెప్పుకోలేదు. ఎవరైనా ఆయన చేసిన మేలును పొగిడి పరలోకంలో శుభం కలుగుతుందని అంటే, ఖుబైబ్ దారిలో నిలబడి ఉండగా తనకు శుభం ఎలా అని బదులిచ్చేవారు. చివరి రోజుల వరకూ ఆ పేరు ఆయన వెంట నడిచింది. మనిషికి భయపడి అల్లాహ్‌కు జవాబు చెప్పుకోవలసిన పని చేస్తే దాని బరువెంతో ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు.

హిజ్రీ 93 (క్రీ.శ. 712)లో ఆయన పదవి పోయింది. ఇరాక్ నుంచి పారిపోయినవారికి మదీనా ఆశ్రయమిస్తోందని హజ్జాజ్ పదేపదే చేసిన ఫిర్యాదులు ఒక కారణం. ఖుబైబ్ ఉదంతంతో కుంగిపోయి ఆయనే తప్పుకోవాలనుకున్నారని చెప్పేవారూ ఉన్నారు. రాత్రిపూట సేవకుడు ముజాహిమ్‌తో కలిసి ఊరు దాటుతూ వెనుదిరిగి చూసి కన్నీళ్ళు పెట్టుకున్నారు. మదీనా తనలోని చెడును బయటికి నెట్టివేస్తుందని దైవప్రవక్త (స) చెప్పారు కదా, అలా నెట్టివేయబడినవారిలో మనమూ ఉన్నామేమోనని ఆయనకు భయం వేసింది.

ఆ తర్వాత డమాస్కస్‌లో ఆయన వేరే మనిషిగా కనిపిస్తారు. వలీద్ తన తమ్ముడు సులైమాన్‌ను వారసత్వం నుంచి తొలగించి సొంత కొడుకును కూర్చోబెట్టాలనుకున్నాడు. దర్బారులో పెద్దలు చాలామంది తలలూపారు. హజ్జాజ్ మద్దతు పలికాడు. ఉమర్ ఒప్పుకోలేదు. సులైమాన్‌కు చేసిన ప్రమాణం తమ అందరి మెడల మీదా ఉందని, దాన్ని తెంచలేమని తెగేసి చెప్పారు. ఇదే వలీద్ ఆజ్ఞకు మదీనాలో తలొగ్గిన మనిషే ఈసారి అతని ఎదుటే నిలబడ్డారు.

దాబిఖ్ మస్జిదులో

హిజ్రీ 99, సఫర్ నెల (క్రీ.శ. 717 సెప్టెంబరు). నేటి సిరియా ఉత్తర భాగంలోని దాబిఖ్‌లో ఖలీఫా సులైమాన్ మరణశయ్యపై ఉన్నాడు. అతని సైన్యం సోదరుడు మస్లమా నాయకత్వంలో కాన్‌స్టాంటినోపుల్‌ను ముట్టడించి ఉంది. వారసుడెవరన్న ప్రశ్న వచ్చింది. కొడుకుల్లో ఒకడు చిన్నవాడు, మరొకడు దూరాన యుద్ధరంగంలో ఉన్నాడు. పండితుడు రజా బిన్ హైవా సలహాతో సులైమాన్ ఒక వీలునామా రాసి ముద్ర వేశాడు. ముందు ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్, ఆయన తర్వాత సులైమాన్ తమ్ముడు యజీద్. పేరు చదవకుండానే, ఆ ముద్ర వేసిన లేఖలో ఎవరుంటే వారికి విధేయులమని వంశస్థులందరిచేత ప్రమాణం చేయించారు.

ఉమర్‌కు అనుమానం వచ్చింది. రజా దగ్గరకు వెళ్ళి, అందులో తన పేరుంటే చెప్పమని, ఖలీఫా ప్రాణాలతో ఉండగానే వెళ్ళి తప్పించుకుంటానని బతిమాలారు. రజా నోరు విప్పలేదు. కాసేపటికి సులైమాన్ తమ్ముడు హిషామ్ కూడా వచ్చాడు. పదవి తన చేతికి వస్తుందో రాదో తెలుసుకోవాలన్నది అతని ఆత్రం. అతనికీ జవాబు దొరకలేదు.

సులైమాన్ కన్నుమూశాక రజా ఆ వార్తను బయటపెట్టకుండా మస్జిదులో అందరిచేతా మరోసారి ప్రమాణం చేయించి, అప్పుడు లేఖ చదివారు. ఉమర్ పేరు వినగానే హిషామ్ ఒప్పుకోనన్నాడు. రజా కత్తి మాట ఎత్తాక దారికి వచ్చాడు. ఉమర్‌కైతే కాళ్ళు ఆడలేదు. మస్జిదులో వెనుక వరుసలో కూర్చున్న ఆయన్ని చెరో చంక పట్టి లేపి, మింబర్ మీదకు తీసుకెళ్ళవలసి వచ్చింది. ఆయనా, హిషామ్ ఇద్దరూ ఇన్నాలిల్లాహి చదివారు. ఒకరు పదవి వచ్చినందుకు, మరొకరు రానందుకు!

ఇక్కడ ఒక్క మాట. పదవిని చూసి వణికిన మనిషిని పిరికివాడని అనుకోవడానికి లేదు. మదీనాలో ఒక్క ఊరి అధికారం చేతిలో ఉంటేనే ఏమైందో ఆయనకు తెలుసు. ఇప్పుడు స్పెయిన్ నుంచి సింధ్ వరకు ఉన్న ప్రజలందరి లెక్క తన మెడకు చుట్టుకుంటోంది. తనను అడగకుండా, ముస్లిముల సంప్రదింపులు లేకుండా ఈ భారం తనపై పెట్టారని, తన పట్ల చేసిన ప్రమాణం నుంచి అందరినీ విడుదల చేస్తున్నానని, తమకు నచ్చినవారిని ఎన్నుకోవచ్చని మింబర్ పైనుంచి ప్రకటించారు. జనం ఆయన్నే కావాలన్నారు. ఆ తర్వాత మాత్రం వెనక్కి తగ్గలేదు.

సులైమాన్ ఖననం కాగానే రాజ అశ్వాలను ముస్తాబు చేసి తెచ్చారు. వాటిని అమ్మి సొమ్ము బైతుల్‌మాల్‌లో జమ చేయమని చెప్పి ఆయన తన కంచరగాడిదే ఎక్కారు. ఈటె పట్టుకుని ముందు నడవబోయిన అంగరక్షక దళాధికారిని తప్పుకోమన్నారు. రాత్రంతా నిద్ర లేదు, కాస్త నడుం వాల్చి మధ్యాహ్నం నమాజు తర్వాత అన్యాయంగా లాక్కున్న ఆస్తుల సంగతి చూద్దామనుకున్నారు. అప్పుడు కుమారుడు అబ్దుల్ మలిక్ వచ్చాడు. ఇరవై ఏళ్ళు కూడా నిండని యువకుడు. మధ్యాహ్నం వరకు మీరు బతికి ఉంటారని హామీ ఎవరిచ్చారని తండ్రిని అడిగాడు. తండ్రి కొడుకు నుదుట ముద్దుపెట్టుకుని, తన ధర్మానికి అండగా నిలిచే సంతానాన్నిచ్చిన అల్లాహ్‌ను స్తుతించి, నిద్ర మాని బయటికి వచ్చారు.

సొంత వంశంతో తగాదా

శత్రువును ఎదిరించడం ఒక ఎత్తు, ఇంటివారిని ఎదిరించడం ఒక ఎత్తు. శత్రువుతో పోరాడితే కనీసం మనవాళ్ళు మెచ్చుకుంటారు. ఖలీఫా అయిన ఉమర్‌కు మొదటి పోరాటమే మనవాళ్ళతో వచ్చింది. అరవై ఏళ్ళుగా బనూ ఉమయ్య వంశీకులు ప్రజల భూములను, బైతుల్‌మాల్ సొమ్మును జాగీర్ల పేరుతో, బహుమతుల పేరుతో కూడబెట్టుకున్నారు. వాటన్నిటికీ పాత ఖలీఫాల ఫర్మానాలున్నాయి.

ఆయన ముందు తనతోనే మొదలుపెట్టారు. తనకు సంక్రమించిన జాగీర్ల పత్రాలను మస్జిదుకు తెప్పించారు. ముజాహిమ్ ఒక్కొక్కటీ చదివి అందిస్తుంటే, జనం చూస్తుండగా కత్తెరతో కత్తిరించి పడేశారు. జొహర్ నమాజు వేళ వరకు ఆ పని సాగింది. తాత మర్వాన్ కాలం నుంచి కుటుంబం చేతిలో ఉన్న ఫదక్ తోటను కూడా వదులుకుని, దాని రాబడి దైవప్రవక్త (స) కాలంలో ఎలా ఖర్చయ్యేదో అలాగే ఖర్చు చేయమన్నారు. భార్య ఫాతిమాకు ఆమె తండ్రి ఇచ్చిన అమూల్యమైన నగ ఉండేది. అది బైతుల్‌మాల్‌కు పంపుతావో, నన్ను వదులుకుంటావో తేల్చుకోమన్నారు. ఆమె క్షణం ఆలోచించకుండా నగను ఇచ్చేసింది.

తర్వాత వంశీకుల వంతు వచ్చింది. హిమ్స్ పట్టణం నుంచి ఒక ముస్లిమేతర వృద్ధుడు వచ్చి, ఖలీఫా వలీద్ కుమారుడు అబ్బాస్ తన భూమి లాక్కున్నాడని ఫిర్యాదు చేశాడు. అబ్బాస్ అదే సభలో కూర్చుని ఉన్నాడు. అడిగితే, తన తండ్రి రాసిచ్చిన పత్రం ఉందన్నాడు. అల్లాహ్ గ్రంథం వలీద్ పత్రం కన్నా అనుసరించదగినదని చెప్పి ఉమర్ ఆ భూమిని వృద్ధుడికి ఇప్పించారు. ఇలాంటి తీర్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చేసరికి రాజకుటుంబం ఉడికిపోయింది. ఒక బంధువు నిందలతో నిండిన జాబు రాశాడు. అంతకన్నా ఘాటైన జవాబు అందుకున్నాడు.

చివరికి వాళ్ళు మేనత్తను రాయబారం పంపారు. ఆమె అంటే పాత ఖలీఫాలందరికీ గౌరవం. రాత్రిపూట వచ్చేసరికి ఆయన ఎండు రొట్టె, ఉప్పు, కొంచెం నూనెతో భోజనం చేస్తున్నారు. మీవాళ్ళ నోటి దగ్గర కూడు తీసేస్తున్నావని, వాళ్ళు నీ మీద తిరగబడే రోజు వస్తుందని ఆమె హెచ్చరించింది. ప్రళయదినం తప్ప మరే దినానికైనా నేను భయపడితే, ఆ దినపు కీడు నుంచి అల్లాహ్ నన్ను కాపాడకుండుగాక అని ఆయన అన్నారు. తర్వాత ఒక దీనారు, నిప్పుల కుంపటి, ఒక మాంసం ముక్క తెప్పించారు. దీనారు ఎర్రగా కాలాక దాన్ని మాంసం మీద పడేశారు. అది చుయ్యిమని కాలింది. అత్తా, నీ మేనల్లుడికి ఈ గతి పట్టడం నీకు ఇష్టమా అని అడిగారు. ఆమె మారు మాట్లాడకుండా లేచి వెళ్ళి, ఉమర్ బిన్ ఖత్తాబ్ ఇంటి పిల్లను కోడలిగా తెచ్చుకున్నది మీరే, ఇప్పుడు అనుభవించండి అని బంధువులకు చెప్పింది.

అలీ (రజి) గారిని మింబర్ల మీద నిందించే దురాచారాన్ని కూడా ఆయన ఆపించారు. వంశ ప్రతిష్ఠ దెబ్బతింటుందని భయపడి పాత ఖలీఫాలెవరూ దాని జోలికి పోలేదు. ఆ నిందకు బదులు సూరా నహ్ల్‌లోని 90వ ఆయతు చదవమన్నారని చరిత్రకారులు రాశారు. న్యాయాన్నీ, మేలునూ ఆదేశించే ఆ ఆయతును ఈనాటికీ మన ఊళ్ళల్లో జుమా ఖుత్బా చివర వింటూనే ఉన్నాం. మదీనాలో గురువు అలిగిన నాటి పాఠం ఆ విధంగా రాజ్యమంతటా అమలైంది.

ఖజానా ఖాళీ అవుతుందేమో!

పాలకులను ఎక్కువగా లొంగదీసే భయం ఇది. ఉమర్ కొలువులోని అధికారులకూ ఇదే పట్టుకుంది. ఇస్లాం స్వీకరించినవారి నుంచి కూడా జిజియా వసూలు చేసే పద్ధతి అప్పటికి పాతుకుపోయి ఉంది. ఉమర్ దాన్ని రద్దు చేశారు. జనం గుంపులుగా ఇస్లాంలోకి వస్తున్నారు, రాబడి పడిపోతోంది అని ఈజిప్టు అధికారి లబోదిబోమన్నాడు. దైవప్రవక్త (స) మార్గదర్శిగా వచ్చారే గాని పన్నులు వసూలు చేసేవారిగా కాదని ఖలీఫా జవాబు రాశారు. ఖురాసాన్ గవర్నరు జర్రాహ్ మరో ఉపాయం పన్నాడు. కొత్తగా ఇస్లాంలోకి వచ్చినవారి చిత్తశుద్ధిని సున్నతీతో పరీక్షిస్తానన్నాడు. దానికీ అదే ధోరణిలో సమాధానం వెళ్ళింది. తర్వాత అతని పదవీ పోయింది.

బస్రా గవర్నరు అదీ బిన్ అర్తాత్ నుంచి వచ్చిన లేఖ మరీ ముఖ్యమైనది. కొందరు ఉద్యోగులు ప్రభుత్వ సొమ్ము తిన్నారు, హింసిస్తే తప్ప కక్కరు, అనుమతి ఇవ్వమని అతను కోరాడు. సాక్ష్యం ఉంటే దాని ప్రకారం, వాళ్ళే ఒప్పుకుంటే దాని ప్రకారం తీసుకోవాలని, లేదంటే ప్రమాణం చేయించి వదిలేయాలని ఉమర్ ఆదేశించారు. వాళ్ళు తమ ద్రోహంతో అల్లాహ్‌ను కలుసుకోవడం, వాళ్ళ రక్తంతో నేను అల్లాహ్‌ను కలుసుకోవడం కన్నా నాకిష్టం అని రాశారు. ఈ జాబు రాస్తున్నప్పుడు ఆయన కళ్ళ ముందు మదీనా మస్జిద్ ద్వారం లేదని నేననుకోలేను.

మోసూల్‌లో దొంగతనాలు పెరిగితే అక్కడి గవర్నరు యహ్యా గస్సానీ, అనుమానం మీద పట్టుకోనా, సాక్ష్యం మీదే శిక్షించనా అని అడిగాడు. సాక్ష్యం మీదే అన్నారు ఖలీఫా. న్యాయంతో బాగుపడనివారు మరి దేనితోనూ బాగుపడరన్నది ఆయన అభిప్రాయం. తాను మోసూల్ వదిలే నాటికి అంతకన్నా ప్రశాంతమైన పట్టణం లేకుండా పోయిందని ఆ గవర్నరే తర్వాత చెప్పాడు. మరో అధికారి పట్టణానికి కోట గోడ కట్టించడానికి డబ్బడిగితే, న్యాయాన్నే గోడగా కట్టమని, వీధుల్లోంచి అన్యాయాన్ని ఊడ్చేయమని సమాధానం వచ్చింది.

సమర్‌ఖంద్ ఉదంతం వింటే ఆశ్చర్యం వేస్తుంది. తమ ఊరిని ఖుతైబా సైన్యం మాట తప్పి ఆక్రమించిందని అక్కడివారు ఖలీఫాకు మొరపెట్టుకున్నారు. ఉమర్ ఒక న్యాయమూర్తిని విచారణకు పెట్టించారు. ముస్లిం సైన్యం ఊరు ఖాళీ చేసి తన శిబిరానికి వెళ్ళిపోవాలని, ఆపై కొత్తగా ఒప్పందమో యుద్ధమో తేల్చుకోవాలని తీర్పు వచ్చింది. గెలిచిన ఊరిని కోర్టు మాట మీద వదులుకోవడానికి సిద్ధపడ్డ పాలకుణ్ణి చూసి ఆ ఊరివారే, మళ్ళీ యుద్ధం వద్దు, ఉన్నది ఉన్నట్టే ఉండనివ్వండి అన్నారు. కాన్‌స్టాంటినోపుల్ ముట్టడిలో ఆకలితో, చలితో నలిగిపోతున్న సైన్యానికి ఆహారం, గుర్రాలు పంపి వెనక్కి పిలిపించింది కూడా ఆయనే. పరువు పోతుందన్న భయంతో సులైమాన్ చేయలేకపోయిన పని అది.

మన దేశానికి సంబంధించిన మాట ఒకటుంది. సింధ్ ప్రాంతపు రాజులకు ఆయన ఇస్లాంకు ఆహ్వానిస్తూ లేఖలు రాశారు. ఆయన నడవడి గురించి ముందే విన్న కొందరు స్వీకరించారు. దాహిర్ కుమారుడు వారిలో ఒకడని బలాజురీ రాశాడు. హదీసులను గ్రంథస్థం చేయమని మదీనాలోని అబూబక్ర్ బిన్ హజ్మ్‌కు ఇచ్చిన ఆదేశం ఈ రెండున్నరేళ్ళలోనే వెలువడింది. ఆఫ్రికాకు జకాత్ వసూలుకు వెళ్ళిన అధికారి పుచ్చుకునే పేదవాడు దొరకక, ఆ సొమ్ముతో బానిసలను కొని విడుదల చేశానని చెప్పాడు.

పగలు ఇన్ని విషయాల్లో జంకని మనిషి రాత్రి మాత్రం వణికేవారు. నమాజు చాప మీద కూర్చుని గడ్డం తడిసేలా ఏడ్చేవారని భార్య ఫాతిమా చెప్పింది. కారణం అడిగితే, దూర ప్రాంతాల్లోని ఆకలిగొన్నవారు, రోగులు, వితంతువులు, బందీలు, పిల్లలున్న బీదవారు గుర్తుకొచ్చారన్నారు. వీళ్ళందరి తరఫున రేపు దైవప్రవక్త (స) తనతో వాదిస్తే చెప్పడానికి తన దగ్గర ఏ సాకూ లేదన్నారు.

చివరి రోజులు

హిజ్రీ 100లో ఇరాక్‌లో ఖవారిజ్ వర్గంవారు షౌజబ్ అనే నాయకుడి కింద తిరుగుబాటు చేశారు. పాత ఖలీఫాలైతే సైన్యాన్ని దించేవారు. రక్తం చిందించనంతవరకు, అల్లకల్లోలం చేయనంతవరకు వాళ్ళ జోలికి పోవద్దని ఉమర్ గవర్నరుకు రాశారు. నీకు కోపం తెప్పించిన సంగతేమిటో వచ్చి మాట్లాడు, సత్యం నీ వైపుంటే ఆలోచిద్దామని తిరుగుబాటుదారుకు కబురు పెట్టారు. ఇద్దరు ప్రతినిధులు వచ్చి వాదించారు. వారి ప్రశ్నల్లో చాలావాటికి ఆయన దగ్గర జవాబుంది. ఒక్కదానికి లేదు. మీరింత న్యాయపరులైతే మీ తర్వాత యజీద్‌కు అధికారం ఎలా వదిలేస్తారని వారడిగారు. అది సులైమాన్ ఏర్పాటు అని ఆయన చెప్పినా అది సరిపోయే సమాధానం కాదని ఆయనకే తెలుసు. మూడు రోజుల గడువు అడిగారు.

ఈ గడువు మాట బనూ మర్వాన్ చెవిన పడింది. యజీద్‌ను తప్పిస్తాడేమో, అధికారం వంశం చేయి దాటిపోతుందేమో అని వారు బెదిరిపోయారు. ఆయన సేవకుడికి డబ్బు ఆశ చూపి విషం పెట్టించారని చరిత్రకారులు రాశారు. ఉమర్ ఆ సేవకుణ్ణి పిలిచి ఎందుకు చేశావని అడిగారు. వెయ్యి దీనార్లు, బానిసత్వం నుంచి విడుదల ఇస్తామన్నారని అతను ఒప్పుకున్నాడు. ఆ వెయ్యి దీనార్లు తెప్పించి బైతుల్‌మాల్‌లో వేయించి, ఎవరి కంటా పడకుండా వెళ్ళిపొమ్మని అతణ్ణి వదిలేశారు.

అప్పటికే ఆయన చుట్టూ ఖాళీ అయిపోయింది. ధైర్యం చెప్పే కుమారుడు అబ్దుల్ మలిక్, సోదరుడు సహల్, నమ్మకస్తుడు ముజాహిమ్ కొద్ది కాలం తేడాతో మరణించారు. బావమరిది మస్లమా చూడ్డానికి వచ్చి, చొక్కా మాసిపోయింది, మార్చమని సోదరి ఫాతిమాకు చెప్పాడు. రెండో రోజూ అదే చొక్కా చూసి కోప్పడ్డాడు. ఆయనకు వేరే చొక్కా లేదని ఆమె చెప్పింది. పిల్లలకు ఏదైనా రాసిపొమ్మని మస్లమా అన్నాడు. వారి హక్కును తానేమీ లాక్కోలేదని, ఇతరుల హక్కును తెచ్చి వారికివ్వలేనని ఉమర్ జవాబిచ్చారు. వాళ్ళు దైవభీతిపరులైతే అల్లాహ్ చూసుకుంటాడు, కాకపోతే పాపం చేయడానికి తానెందుకు సాయపడాలన్నారు. నేటి సిరియాలో మఅర్రతున్నొమాన్ దగ్గరి దైర్ సిమ్ఆన్ అనే చోట, ఒక క్రైస్తవుడి నుంచి తన సమాధికి కావలసినంత నేల కొన్నారు. ఊరికే ఇస్తానని అతనన్నా ఒప్పుకోలేదు. హిజ్రీ 101, రజబ్ నెల (క్రీ.శ. 720 ఫిబ్రవరి)లో అక్కడే కన్నుమూశారు. వయస్సు నలభై లోపే. పాలించింది రెండేళ్ళ అయిదు నెలలు.

తర్వాత యజీద్ ఖలీఫా అయ్యాడు. ఉమర్ చేసిన మార్పులు చాలావరకు తారుమారయ్యాయి. యజీద్ తన సోదరి ఫాతిమాను పిలిచి, నీ నగ బైతుల్‌మాల్‌లో అలాగే ఉంది, కావాలంటే తీసుకో అన్నాడు. ఆయన బతికి ఉండగా ఆయన మాట విని, పోయాక కాదంటానా అని ఆమె దాన్ని ముట్టుకోలేదు. యజీద్ దాన్ని తన ఇంటివారికి పంచిపెట్టాడు.